మజిలీ మజిలీకి మారు దేశము



మాది చందర్లపాడు. నందిగామకు నైరృతిగా, కృష్ణకు ఉత్తరపు దరిని, నల్లరేగడి చేల నడుమ నున్న గ్రామము. పత్తియు మిరపయు మా పైరులు. కాశికి పోవుట మా ప్రాంతము వారికి క్రొత్త గాదు. చలికాలము వచ్చునప్పటికి ఒక బస్సు మాటలాడుకొని, ముప్పది నలుబదిమంది గూడి, పదునైదిరువది దినములలో ప్రయాగ, కాశి, గయ సేవించి వచ్చుట మాలో ఆచారమై పోయినది. అట్లు వచ్చినవారిని, "ఆ దేశ మెట్లున్నదయ్యా?" అని యడిగి చూడుడు. "చలి యెక్కువ. దూరము చాల. వంటవాడు మాత్రము మంచివాడు" అని చెప్పువారే పెక్కుమంది. నేనును ఒకప్పు డట్లే చెప్పియుందును. వేయి మైళ్ళు పోయి వచ్చినవాడు వంటవానిని గూర్చి తప్ప మరేమియు జెప్పలేకపోవుట యేమి చిత్రమో, దాని కారణ మేమో, నాకు తెలిసిన మేరకు నేడు మీతో ముచ్చటింప దలచితిని.

మన తెలుగువారిలో దేశమును జూచి, చూచినది చూచినట్లు వ్రాసిపెట్టిన మహనీయు డొకడున్నాడు. ఆయన ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపురి సుప్రీముకోర్టులో దుబాసీ యుద్యోగము చేసినవాడు. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని చెన్నపట్టణము విడిచి, ఇంచుమించు నూరుమంది పరివారముతో బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురము మీదుగా ప్రయాగకును కాశికిని పోయి, గయ సేవించి, గంగమీద పడవలలో వంగదేశమునకు దిగి, జగన్నాథము మీదుగా మన తీరదేశము పట్టి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. పదునైదు నెలలు. రైలు లేదు, మోటారు లేదు. దారిలో తాను చూచినదెల్ల కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ యను మిత్రునికి వ్రాసి పంపుచుండెను. వీరాస్వామయ్యగారు 1836లో గతింపగా, ఆ పిళ్ళగారే 1838లో దానిని 'కాశీయాత్ర చరిత్ర' యను పేర అచ్చు వేయించిరి. మరల 1941లో బెజవాడనుండి దిగవల్లి వేంకట శివరావుగారు దానిని శ్రద్ధతో పరిష్కరించి ప్రకటించిరి. మీ యూరి గ్రంథాలయమున నున్నచో తప్పక చదువుడు, లేకున్న తెప్పించుకొనుడు.

ఆ గ్రంథములో నన్ను ఆకర్షించినది క్షేత్రమాహాత్మ్యము గాదు. ప్రతి మజిలీయందును ఆయన వ్రాసిన చిన్న సంగతులు. ఈ యూరికి ఆ యూరు ఇన్ని ఆమడలు. దారి రాతినేలయా, రేగడియా. దిగుటకు తోపు గలదా, సత్రము గలదా. నీళ్ళు మంచివా, ఉప్పునా. అంగళ్ళలో కావలసిన సామాను దొరకునా, దొరకదా. ఒక్కొక్కచోట అక్కడి జనుల మాటతీరు, కట్టుబాటులు, అధికారుల నడవడి. పల్లకీలో పోవు గొప్ప యుద్యోగికి ఉప్పునీటి బావితో నేమి పని యని మన మనుకొనవచ్చును. పని యున్నది. ఆయన ఆచారవంతుడు, ఎవరింటను భుజింపడు, తన వంట తనదే. మన బస్సు యాత్రికులకును ఆయనకును ఇంతవరకు భేదము లేదు. కాని నూరుమందికి పదునైదు నెలల గ్రాసము మూటగట్టుకొని పోవుట యెవనితరము? బియ్యము, పప్పు, కట్టెలు, నీళ్ళు, బోయీలకు గ్రాసము, ఇవి యన్నియు దిగినచోటనే పుట్టవలెను. అందుచే దినదినమును ఎవరినో ఒకరిని అడుగవలసి వచ్చెను. అడుగవలసినవాడు ఆ యూరి భాషలో పది మాటలైన నేర్వక తప్పదు. ఆ యూరి కొలతయు నాణెమును తెలియక తప్పదు. ఆయన చూచిన దేశమంతయు ఆ బేరములలో నుండి వచ్చినదని నా యభిప్రాయము.

ఇక మా బస్సు సంగతి. అది 2012వ సంవత్సరము, మన ఖరనామ సంవత్సర మాఘమాసము. నలుబదిమందిమి. బస్సు మీద బియ్యపు బస్తాలు, కందిపప్పు, చింతపండు, మా మిరపకాయల కారము, ఆవకాయ జాడీలు, గ్యాసు పొయ్యిలు. నందిగామ దాటి హైదరాబాదు పోవు రస్తా ఎక్కితిమి. అచ్చట నుండి నిర్మల మీదుగా నాగపురపు దారి. వీరాస్వామయ్యగారు నడిచినది ఇంచుమించు ఈ దారియే. మేము రాత్రులు ప్రయాణము చేసి, పగలు ఏదో పెట్రోలు బంకు ప్రక్కన ఆగి, మా పప్పు పులుసు మేము తిని, మరల ఎక్కుచుంటిమి. ఆదిలాబాదు దాటిన పిమ్మట పెన్‌గంగ యను నది వచ్చును. దానికి ఈవల తెలుగు, ఆవల మరాఠీ. కాని గీత గీసినట్లు మారదు. ఆదిలాబాదు సీమలోనే మరాఠీ వినబడసాగును. ఆవలి యొడ్డున కొంతదూరము తెలుగు వినబడుచునే యుండును. నడిచి పోవువాడు ఈ కలయికను వినును. మేము ఆ నదిని అర్ధరాత్రి నిదురలో దాటితిమి. తెల్లవారి కన్ను తెరచునప్పటికి అంగళ్ళ మీద అక్షరములు మారిపోయియుండెను. తెలుగు ఎచ్చట విడిచినదో ఎవరికిని తెలియదు.

హింగన్‌ఘాట్ వద్ద మాత్రము మా రైతులు కొందరు బస్సు ఆపించిరి. రోడ్డుకు ఇరువైపుల నల్లరేగడి. ప్రత్తి తీత కడపటి యేరులలో నుండెను. అది ప్రత్తి వ్యాపారమునకు పేరుపడిన పట్టణము. మావారిలో నొకరు గట్టు దిగి, మట్టిని పిడికిట పట్టి నలిపి చూచి, "ఇది మన మట్టే" యని, అచ్చటి రైతుతో చేతి సైగలతోనే కాయ యెంత, పురుగెంత యని అరగంట మాటలాడెను. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ రైతు తన పొలములోని కాయ కోసి విప్పి, పురుగు తొలిచిన చోటు చూపెను. మావాడు తల పట్టుకొనెను. ఆ రైతును తల పట్టుకొనెను. ఆ యాత్రలో పోవునప్పుడు మేము దేశముతో మాటలాడినది ఆ యరగంట మాత్రమే. డ్రైవరు హారను మ్రోగించుచుండగా వచ్చి యెక్కితిమి.

కాశి చేరిన మరునాడు రెండు చిక్కులు వచ్చిపడినవి. మొదటిది మా బావగారిది. ఆయన తండ్రిగారి ఆబ్దికము మాఘ బహుళ దశమి. ఆ తిథికి గంగయొడ్డున నుండవలెననియే ఆయన ఆ బస్సు ఎక్కెను. ఘట్టమునందు ఒక పురోహితుని పట్టుకొని, వచ్చీరాని హిందీలో "మాఘమాసము, దశమి" యని చెప్పగా, ఆతడు తల యాడించి, మాఘము గడచిపోయినది, ఇప్పుడు ఫాల్గునము నడచుచున్నది అనెను. బావగారి ముఖము వెలవెలబోయెను. ఇంటినుండి ఇంత దూరము వచ్చి తండ్రి తిథి తప్పించితినా యని ఆయన మెట్లమీదనే కూలబడెను. కన్నీరు పెట్టుకొనెనని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

కేదారఘట్టము చుట్టుపట్ల తెలుగువారు చిరకాలముగా కాపురమున్నారు. అచ్చట నొక తెలుగు బ్రాహ్మణుడు, పెద్దవాడు, మా యలజడి విని నవ్వి, విషయము విప్పి చెప్పెను. మీలో పంచాంగము చూచువారికి ఇది పనికివచ్చును గనుక వివరించెదను. మనకు నెల అమావాస్యతో ముగియును. పాడ్యమి మొదలు పూర్ణిమవరకు శుద్ధము, ఆపైని అమావాస్యవరకు బహుళము. వింధ్యకు ఉత్తరమున పెక్కుచోట్ల నెల పూర్ణిమతో ముగియును. అనగా వారికి ముందు బహుళపక్షము, తరువాత శుద్ధపక్షము. శుద్ధపక్షమున మన నెల పేరును వారి నెల పేరును ఒకటియే. బహుళపక్షమున మాత్రము వారు మనకంటె ఒక నెల ముందుందురు. మన మాఘ బహుళ దశమియే వారికి ఫాల్గున కృష్ణ దశమి. దినము మారలేదు; చంద్రుడును మారలేదు. మన కృష్ణాష్టమి శ్రావణ బహుళమున వచ్చును, వారికది భాద్రపదము. మన శివరాత్రి మాఘమున, వారికి ఫాల్గునమున. పండుగ ఇరువురికిని ఒక్కనాడే. సంవత్సరపు లెక్కయు నిట్లే. మనము శాలివాహన శకము 1933 అను నప్పుడు వారు విక్రమ సంవత్సరము 2068 అనుచుండిరి. ఈ రెంటికిని భేదము 135. ఖర, నందన మొదలగు అరువది పేళ్ళుకూడ వారి లెక్కలో బృహస్పతి నడకను బట్టి సాగును గనుక మన పేళ్ళతో కలియవు.

బావగారు లేచి స్నానముచేసి, తిథికి లోపము లేకుండ తండ్రికి పిండము పెట్టెను. సంకల్పము చెప్పుకొనునప్పుడు, పుట్టినది మొదలు "కృష్ణా గోదావరుల నడిమి దేశమున" అని చెప్పుకొన్న నోరు ఒక క్షణము తడబడెను. పురోహితుడు ఆ చోట కాశిని చెప్పించెను. తాను నిలిచిన నేల యేదో చెప్పనిదే మనకు సంకల్పమే లేదు. ఇంటియొద్ద దీనిని ఎన్నడైన తలచితిమా!

రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. ఆ సాయంకాలము విశ్వనాథుని గుడినుండి దశాశ్వమేధ ఘట్టమునకు సందులలో వచ్చుచుండగా, మా పెద్దమ్మ తప్పిపోయెను. వరుసకు పెద్దమ్మ, డెబ్బదియైదేండ్లు పైబడినది, అక్షరము రాదు, తెలుగు తప్ప వేరు మాట రాదు. చేత ఫోను లేదు. కాశి సందులెట్టివో చూచినవారికి చెప్పనక్కరలేదు. ఎద్దు ఎదురువచ్చిన మనిషి గోడకు అంటుకొని నిలువవలెను. నలుగురము నాలుగు వైపుల బోయి రాత్రి రెండు జాములు దాటువరకు తిరిగితిమి. గంగ ప్రక్కననే యుండెను. ఎవరును నోరు విప్పి అనలేదు గాని, అందరి కండ్లును నీటి వైపే పోవుచుండెను. ఆమె కొడుకు మాతో రాలేదు. ఊరికి పోయి అతని కేమని చెప్పుదుమా యను ఆలోచనయే ఆ రాత్రి నన్ను దహించినది.

తెల్లవారి ఏడు గంటలకు ఆ తెలుగు బ్రాహ్మణుడే మాకు కబురు పంపెను. ఒక ఇంటివారు దారితప్పిన ముసలమ్మను కూర్చుండబెట్టుకొని, ఆమె మాట ఏ దేశపుదో కనుగొనుటకు వాకిట పోవు దక్షిణదేశపు యాత్రికులను ఒక్కొక్కరినే పిలిచి వినిపించుచుండిరట. తమిళులు వచ్చి కాదనిరట; కన్నడిగులు వచ్చి కాదనిరట. ఎవరో "ఇది తెలుగు" అని చెప్పి, ఆయన యిల్లు చూపిరి. మేము పరుగున పోవునప్పటికి పెద్దమ్మ ఆ యింటి వంటయింటి గడపలో చతికిలబడి, పెద్దకోడలు రొట్టె లొత్తుచుండగా చూచుచుండెను. నన్ను చూచి యేడ్చు ననుకొంటిని. "ఒరే అబ్బాయ్, ఈ పిల్ల రొట్టె సరిగ్గా తట్టలేదురా, కర్రతో లాగుతుంది. చేత్తో తట్టాలని చెప్పు" అనెను.

జరిగిన దేమనగా, దారితప్పి అలసి, ఎదురుగా తెరచియున్న తలుపు వద్ద నిలిచి, దోసిలి నోటివద్ద బెట్టి నీళ్ళడిగినది. వారు నీళ్ళిచ్చి కూర్చుండబెట్టిరి. రాత్రి గోధుమ రొట్టెలును పలుచని పప్పును పెట్టిరి. మా బస్సులో పడుచువారు రొట్టెను చూచి, అది జ్వరము వచ్చినవాని తిండియని పరిహసించువారు. పెద్దమ్మ కట్లు కాదు. శ్రోతలలో పెద్దలకు జ్ఞాపక ముండును. నాగార్జునసాగరము నుండి కాలువలకు నీరు వదలినది 1967లో. దాని యెడమకాలువ నీరు పారకమునుపు మన జగ్గయ్యపేట, నందిగామ మెట్టసీమలో వరియన్న మెంతమందికి నిత్యాన్నము? జొన్నరొట్టె, జొన్నసంకటి తినియే మన ముందుతరము పెరిగినది. ముప్పది యేండ్లు వచ్చువరకు పెద్దమ్మ ప్రతిదినము జొన్నపిండి తట్టినదే. ఆ కాశి యింటి పొయ్యి యొద్ద ఆమెకు క్రొత్త యేమియు లేకపోయెను. ఆవనూనె వాసన యొక్కటి తప్ప. "ఆ వాసనకి మాత్రం కళ్ళెంట నీళ్ళొచ్చినయ్" అని ఇప్పటికిని చెప్పును.

ఆ బ్రాహ్మణుడు ఇరువురి మాటలును తర్జుమా చేయుచుండగా గంటసేపు అచ్చట కూర్చుంటిమి. ఆడువారి మాటలు సహజముగా సంసారములోనికి దిగినవి. పెద్దమ్మ తన పెనిమిటి తన మేనత్త కొడుకే యని చెప్పినది. ఆ మాట తెలుగులో నుండి హిందీలోనికి పోవుటతోనే ఆ యింటి కోడండ్రు కొంగు నోటికి అడ్డము పెట్టుకొనిరి. వారి దేశమున మేనత్త బిడ్డలును మేనమామ బిడ్డలును తోబుట్టువులే. ఆ పెండ్లి తలపులోనికి రాదు. పెద్దమ్మయు తగ్గలేదు. ముక్కు మొగము తెలియని యింటికి పిల్ల నెట్లిత్తురని తిరుగ నడిగినది. ఇరుప్రక్కల వారును ఒకరి నొకరు జాలిగా చూచుకొనిరి.

ఈ వివాదము నేటిది గాదు. బౌధాయన ధర్మసూత్రము రెండువేల యేండ్లకు పైబడిన గ్రంథమని పండితులు చెప్పుదురు. అందు దక్షిణమునందే కానవచ్చు ఆచారములు ఐదు చెప్పబడినవి. వానిలో మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లియాడుట చేరియున్నది. భార్యతో గూడి భుజించుట, చద్దియన్నము తినుట కూడ ఆ యైదింటిలోనివే! ఉత్తరము వారికిని ఐదు చెప్పినాడు. ఉన్ని యమ్ముట, మద్యము త్రాగుట, ఆయుధవృత్తి, సముద్రయానము మొదలగునవి. ఎవరి యాచారము వారి దేశమున చెల్లును. ఒకరిది ఇంకొకరి దేశమున ఆచరించిన దోషము అని ఆయన మతము. గౌతముని మతము వేరని కూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. ఈ సంగతి నే నెప్పుడో చదివి మరచితిని. ఆ వంటయింటి గడపలో అది నా కండ్ల యెదుట నడచుచుండెను.

మేము లేచునప్పుడు మట్టి ముంతలలో తేనీరు ఇచ్చిరి. అచ్చట తేనీరు త్రాగి ఆ ముంతను నేలగొట్టుట వాడుక. పెద్దమ్మ తన ముంతను కడిగి కొంగున కట్టుకొనెను. నిక్షేపమువంటి ముంతను పగులగొట్టుట కామెకు చేయి రాలేదు.

తిరుగు ప్రయాణమున బస్సులో విచిత్రము జరిగినది. నలుబదిమందిలో ముప్పదితొమ్మిదిమందిమి ఆమె చుట్టు చేరి, కాశి యెట్లుండునో ఆమె నడిగి తెలిసికొంటిమి. పిడకలు మనవలెనే గోడకు కొట్టుదురు. పప్పులో పులుపు వేయరు, జీలకఱ్ఱతో నేతి తిరగమోత వేయుదురు. కోడలు మామ యెదుట ముసుగు తీయదు. నడిబావి నీరు తీపి. మేము చూచినవి గుడులు, ఘట్టములు, అంగళ్ళు. ఫోటోలు మాత్రము మావద్ద వందలు.

ఆపైని నే నొంటరిగా రెండుమార్లు ఆ దారిని రైలులోను, ఊరూర ఆగు బస్సులలోను పోయితిని. కష్టపడితిని, ఒప్పుకొందును. హిందీలో 'కల్' అను మాటకు నిన్న యనియు రేపు అనియు రెండర్థములు. పడవవాడు రేపు తెల్లవారి రమ్మన్నదానిని నిన్నటి సంగతి యనుకొని, ప్రయాగలో పడవ తప్పించుకొంటిని. జబ్బలుపురములో ఒక పూట పస్తుంటిని. కాని నర్మద నిప్పుడు నేను నిదురలో దాటలేదు. పెన్‌గంగ యొడ్డున ఒక టీ అంగడివాడు నాతో తెలుగును, నా ప్రక్కవానితో మరాఠీయు, తన కొడుకుతో రెండును కలిపియు మాటలాడుట చెవులార వింటిని. ముసలితనమున అందరు నిట్లే పొండని నేను చెప్పజాలను. మోకాళ్ళ నొప్పులవారికి బస్సే దిక్కు, వంటవాడును కావలసినవాడే. తిండి మారి కడుపు చెడి, యాత్రయే చెడినవారిని నేనెరుగుదును.

ఈ మాఘమునకు మా యూరినుండి మరల బస్సు కట్టుచున్నారు. పెద్దలు కూర్చుండి ఒక యేర్పాటు చేసితిమి. నాగపురమునను ప్రయాగయందును ఒక్కొక్క పూట పొయ్యి వెలిగింపరు. ఎవరి కూడు వారు ఆ యూరిలో అడిగి, కొని, తినవలెను. పెన్‌గంగ వంతెన పగటిపూట దాటవలెనని డ్రైవరుతో ముందుగనే మాటలాడుకొంటిమి. పెద్దమ్మకు ఇప్పుడు తొంబదికి చేరువ, తాను రాలేనన్నది. ఈ యేర్పాటు విని, అంతయు బాగున్నది గాని ఆవకాయ జాడీ మాత్రము ఒకటి దాచి తీసికొనిపొండని నాతో రహస్యముగా చెప్పినది.